ఎన్నికైనట్లు భావించడమైనది

(మా పట్టణ గ్రంథాలయ మందిరంలో, నెలవారీ అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రిందటి సమావేశం ముగిసి మెట్లు దిగుతుండగా ఒక యువకుడు మమ్మల్ని ఆపి సూటిగా అడిగాడు: "చాచా, వచ్చే నెల దేశదేశాల కూటముల గురించి, వాటి పార్లమెంటుల గురించి మాట్లాడతారట. వార్డులో ఒక్క స్థానం కోసం నానా తిప్పలు పడుతున్న వాళ్ళం. ఎక్కడో ఆఫ్రికాలో, ఐరోపాలో ఏం జరిగితే మనకెందుకు?"

ఆ ప్రశ్న న్యాయమైనది. ఆ యువకుడు ఈ రోజు ముందు వరుసలోనే కూర్చున్నాడు. అతనికి జవాబు చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశ్యం.

మనం ఎన్నో ఏళ్ళుగా ప్రాతినిధ్యం గురించి మాట్లాడుతున్నాం. చట్టసభల్లో మన వారెందరు, సంఘాల్లో మన వారెందరు, కమిటీల్లో మన వారెందరు అని లెక్క తీస్తున్నాం. ఆ లెక్క అవసరమే. అయితే దాని వెనుక మరి రెండు ప్రశ్నలున్నాయి. ఆ స్థానంలో కూర్చున్న వ్యక్తిని ఎవరు ఎన్నుకున్నారు? అతనికి "వద్దు" అని చెప్పే అధికారం ఉందా? ఈ రెండు ప్రశ్నలను మనకంటే ముందు, మనకంటే పెద్ద స్థాయిలో ఎదుర్కొన్న ఒక ప్రాంతం ఉంది. అది తూర్పు ఆఫ్రికా.

ఆ ప్రాంతం మనకు బొత్తిగా పరాయిది కాదు. 19వ శతాబ్దంలో ఒమాన్ సుల్తాను తన రాజధానిని జాంజిబార్ ద్వీపానికి మార్చుకున్నాడు. ఆ ద్వీపవాసులు ఇప్పటికీ దాదాపు అందరూ ముస్లింలే. మొంబాసా మొదలుకొని తీరమంతటా మసీదుల వరుస కనబడుతుంది. అక్కడి ఉమ్మడి భాష స్వాహిలీ. ఆ పేరే తీరం అనే అర్థమున్న అరబీ మాట నుండి పుట్టింది. స్వాహిలీలో పుస్తకం 'కితాబు', కలం 'కలాము', అంగడి 'దుకా', వార్త 'హబారి'. మన ఇళ్ళలో మాట్లాడే కితాబు, కలం, దుకాణం, ఖబర్ అవే కదా! మొంబాసా రేవు నుండి లోతట్టుకు రైలు మార్గం వేయడానికి బ్రిటిష్ వారు మన దేశం నుండి ముప్ఫై వేలకు పైగా కూలీలను తీసుకువెళ్ళారు. వారిలో ముస్లింలు ఎందరో ఉన్నారు.

ఇక చరిత్రలోకి వెళదాం. కెన్యా, ఉగాండాలను బ్రిటిష్ పాలకులు 1917లో ఒకే సుంకాల వ్యవస్థ క్రిందికి తెచ్చారు. టాంగన్యీకా 1927లో చేరింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ముగ్గురు నాయకులు, అంటే టాంజానియా అధ్యక్షుడు జూలియస్ నైరేరే, కెన్యా అధ్యక్షుడు జోమో కెన్యాట్టా, ఉగాండా అధ్యక్షుడు మిల్టన్ ఒబోటే, 1967 జూన్ 6న కంపాలాలో ఒప్పందం చేసుకుని తూర్పు ఆఫ్రికా కూటమిని స్థాపించారు. మూడు దేశాలకు ఒకే విమాన సంస్థ, ఒకే రైల్వే, ఒకే తపాలా వ్యవస్థ, ఒకే రేవుల సంస్థ. ఆనాటికి ఐరోపా వారికి కూడా ఇంతటి ఉమ్మడి సేవలు లేవు.

అది పదేళ్ళు మాత్రమే నిలిచింది. 1971 జనవరిలో ఈదీ అమీన్ సైనిక తిరుగుబాటుతో ఉగాండా అధికారాన్ని చేజిక్కించుకున్నాడు. అతనితో కలిసి కూర్చోవడానికి నైరేరే నిరాకరించారు. కూటమికి అత్యున్నత అధికార మండలి అంటే ఆ ముగ్గురు అధ్యక్షులే. వారు మళ్ళీ సమావేశం కాలేదు. 1972 ఆగస్టులో అమీన్ ఆసియా వాసులను 90 రోజుల్లో దేశం విడిచి పొమ్మన్నాడు. వారిలో ముస్లిం కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. అమీన్ పేరు ముస్లిం పేరే. అతని పాలనలో ముస్లింలకు ఒరిగిందేమిటో ఆ కుటుంబాలను అడగాలి. మన పేరు గలవాడు కుర్చీలో ఉంటే చాలుననుకునే వారికి ఇది మొదటి పాఠం.

ఇంకొక కారణం కూడా ఉంది. పరిశ్రమలు, లాభాలు ఎక్కువగా కెన్యాకే దక్కుతున్నాయని తక్కిన రెండు దేశాల్లో అసంతృప్తి పెరిగింది. 1977 తొలి వారాల్లో ఉమ్మడి విమాన సంస్థ మూతబడింది. కెన్యా సొంత సంస్థను పెట్టుకుంది. టాంజానియా సరిహద్దును మూసివేసింది. ఆ ఏడాది మధ్యకు కూటమి కథ ముగిసింది. సరిహద్దు మళ్ళీ తెరుచుకున్నది 1983లో. ఆస్తుల పంపకం 1984లో గాని తేలలేదు.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితం గడిపిన వాళ్ళం. కాబట్టి ఈ కథలో మా మనసును ఎక్కువగా కలచివేసినది ఉద్యోగుల గతి. రైల్వేలో, తపాలాలో, రేవుల్లో పనిచేసిన వేలాదిమందికి యజమాని అయిన సంస్థే లేకుండా పోయింది. టాంజానియాలో ఆ ఉద్యోగులు తమ విరమణ బకాయిల కోసం దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. ముసలితనంలో దారెస్సలాం వీధుల్లో బైఠాయించారు. పింఛను కాగితం కోసం కౌంటరు ముందు నిలబడిన వారెవరికైనా ఆ బాధ తెలుస్తుంది. ముగ్గురు పెద్దలు కలిసి కట్టారు, ముగ్గురు పెద్దలు విడిపోయి కూల్చారు. క్రింద పనిచేసిన వారిని కట్టేటప్పుడూ అడగలేదు, కూల్చేటప్పుడూ అడగలేదు.

ఈ తప్పును వారు తరువాత స్వయంగా ఒప్పుకున్నారు. 1999 నవంబరు 30న ఆరూషా నగరంలో అవే మూడు దేశాలు కొత్త ఒప్పందంపై సంతకాలు చేశాయి. పాత కూటమి ఎందుకు కూలిందో దాని పీఠికలోనే వ్రాసుకున్నారు. రాజకీయ సంకల్పం బలంగా లేకపోవడం, పౌర సమాజానికి గాని ప్రైవేటు రంగానికి గాని తగినంత భాగస్వామ్యం లేకపోవడం, లాభాల పంపకంలో అసమానత కొనసాగడం. తమ పూర్వపు వైఫల్యానికి కారణాలను ఇలా ఒప్పంద పత్రంలోనే నమోదు చేయడం మెచ్చుకోదగిన విషయం. కొత్త కూటమి ప్రజలే కేంద్రంగా నడవాలని కూడా వ్రాశారు.

2000 జూలైలో ఒప్పందం అమలులోకి వచ్చింది. 2005లో ఉమ్మడి సుంకాల వ్యవస్థ, 2010లో ఉమ్మడి విపణి ఏర్పడ్డాయి. రువాండా, బురుండి 2007లో, దక్షిణ సూడాన్ 2016లో, కాంగో ప్రజాస్వామిక గణతంత్రం 2022లో చేరాయి. 2024లో సోమాలియా చేరడంతో సభ్య దేశాలు 8 అయ్యాయి.

ఈ కూటమికి ఆరూషాలో తూర్పు ఆఫ్రికా శాసనసభ ఉంది. 2001 నవంబరులో అది ప్రారంభమయింది. ప్రతి దేశం నుండి 9 మంది ఎన్నికైన సభ్యులు ఉంటారు. పెద్ద దేశమైనా, చిన్న దేశమైనా తొమ్మిదే. వారిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. ఆయా దేశాల పార్లమెంటులు ఎన్నుకుంటాయి. అయితే ఎన్నికయ్యే వ్యక్తి ఆ పార్లమెంటు సభ్యుడై ఉండకూడదు, మంత్రి అయి ఉండకూడదు.

ఒప్పందంలోని 50వ అధికరణం మనకు ముఖ్యం. ఆ తొమ్మిది మందిలో, సాధ్యమైనంత మేరకు, పార్లమెంటులోని వివిధ పక్షాలకు, భిన్నాభిప్రాయాలకు, స్త్రీ పురుషులకు, దేశంలోని ఇతర ప్రత్యేక వర్గాలకు చోటుండాలని అది చెబుతుంది. తొమ్మిది స్థానాలను బలమైన వారే పంచుకోకూడదన్నది దాని భావం. "సాధ్యమైనంత మేరకు" అనే మాట ఎంత సాగుతుందో కార్యాలయాల్లో పనిచేసిన వారికి తెలియనిది కాదు. అయినా కాగితం మీద ఒక హక్కు ఉంటే, దానిని పట్టుకుని కోర్టుకు వెళ్ళే వారు ఎప్పుడో ఒకప్పుడు వస్తారు.

వచ్చారు కూడా. 2006లో రెండవ శాసనసభకు సభ్యులను పంపవలసి వచ్చింది. కెన్యా పార్లమెంటు తనకోసం చేసుకున్న నిబంధనల ప్రకారం పార్టీలు పేర్లు ఇస్తాయి. సభా వ్యవహారాల సంఘం వాటిని పరిశీలించి ఖాయం చేస్తుంది. ఆ పేర్లను సభ ముందు ఉంచితే చాలు, వారు ఎన్నికైనట్లే భావించబడతారు. సభ్యులు చేతులెత్తలేదు, చీటీలు వేయలేదు. ప్రొఫెసర్ పీటర్ అన్యాంగ్ న్యోంగో, మరి పది మంది కలిసి ఆరూషాలోని తూర్పు ఆఫ్రికా న్యాయస్థానంలో దావా వేశారు. ఇది ఎన్నిక కాదు, ఒప్పందానికి విరుద్ధం అన్నది వారి వాదన.

న్యాయస్థానం ఆ నవంబరులో కెన్యా జాబితాపై తాత్కాలిక నిషేధం విధించింది. కొత్త శాసనసభ ప్రారంభం నెలల తరబడి ఆగిపోయింది. 2007 మార్చి 30న తీర్పు వచ్చింది. కెన్యా పార్లమెంటు అసలు ఎన్నికే జరపలేదని న్యాయస్థానం తేల్చింది. కెన్యా తన నిబంధనలను మార్చుకుని మళ్ళీ ఎన్నిక జరపవలసి వచ్చింది.

సోదరులారా, ఈ తీర్పు వివరాలు మొదటిసారి చదివినప్పుడు మేము పుస్తకం మూసి కొంతసేపు అలాగే కూర్చుండిపోయాం. ఎందుకో చెప్పాలి.

చాలా ఏళ్ళ క్రితం మన పేట సంక్షేమ కమిటీకి మేము కార్యదర్శిగా ఉండేవాళ్ళం. ఒక శుక్రవారం అసర్ నమాజు తరువాత పదిహేను మందిమి కూర్చున్నాం. ఒక పెద్దమనిషి జేబులో నుండి జాబితా తీసి చదివారు. ఎవరూ ఏమీ అనలేదు. మేము మినిట్స్ పుస్తకం తెరిచి, కార్యాలయంలో అలవాటైన భాషలో వ్రాశాం: "అభ్యంతరములు లేనందున పై వారు ఏకగ్రీవముగా ఎన్నికైనట్లు భావించడమైనది." పదిహేను సంతకాలు పెట్టించాం. అక్షరాలు ముత్యాల్లా కుదిరాయని మాకు సంతోషం కూడా కలిగింది.

నెల తరువాత ఒక వితంతువు, ముగ్గురు పిల్లల తల్లి, చదువుల సహాయం కోసం మా ఇంటికి వచ్చింది. ఆమె పేరు జాబితాలో లేదు. కమిటీ నిర్ణయం అని చెప్పాం. ఆమె అడిగింది: "కమిటీని ఎవరు ఎన్నుకున్నారు భాయీ? నన్ను ఎవరూ అడగలేదే?" మేము మినిట్స్ పుస్తకం చూపించాం. ఆమెకు చదవడం రాదు. పుస్తకం వైపు చూసి, మా వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. నిజానికి ఆ రోజు అభ్యంతరాలు లేకపోవడానికి కారణం ఒక్కటే. అభ్యంతరం చెప్పగలిగిన వారెవరూ ఆ గదిలో లేరు. ఆడవారు లేరు, అద్దె ఇళ్ళవారు లేరు, వెనుక సందులోని రిక్షా కార్మికులు లేరు. ఆరూషా న్యాయమూర్తులు కొట్టివేసిన వాక్యాన్నే మేము మా చేత్తో వ్రాశాం.

తీర్పు కథ అక్కడితో ముగియలేదు. తాత్కాలిక నిషేధం వచ్చిన కొద్ది వారాలకే, 2006 డిసెంబరులో, అధ్యక్షులు ఒప్పందాన్ని సవరించారు. న్యాయస్థానాన్ని రెండు అంచెలుగా విభజించారు. దావా వేయడానికి రెండు నెలల గడువు పెట్టారు. న్యాయమూర్తులను తొలగించడానికి కొత్త కారణాలు చేర్చారు. ఈ సవరణలను న్యాయవాదుల సంఘం సవాలు చేసింది. ప్రజలను సంప్రదించకుండా ఒప్పందాన్ని సవరించడం ఒప్పంద ఉల్లంఘనేనని 2008 సెప్టెంబరులో న్యాయస్థానం చెప్పింది. అయితే సవరణలను రద్దు చేయలేదు. ఇకపై సంప్రదించాలని మాత్రం చెప్పింది. హక్కు అడిగిన వారికి గెలుపు సగమే దక్కింది. ఆ సగం కూడా అడగకపోతే దక్కేది కాదు.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాం. ఎన్నికైన వారికి "వద్దు" అనే అధికారం ఉందా?

తూర్పు ఆఫ్రికా శాసనసభ బిల్లులు ఆమోదించగలదు. ఆఫ్రికాలోని చాలా ప్రాంతీయ సభలకు ఆ మాత్రం కూడా లేదు. కాని ఆ బిల్లు చట్టం కావాలంటే సభ్య దేశాల అధినేతలు ఆమోదముద్ర వేయాలి. వెనక్కు పంపిన బిల్లును సభ మళ్ళీ సమర్పించినప్పుడు, ఏ ఒక్క అధినేత నిరాకరించినా అది మురిగిపోతుంది. సభ నడవడానికి కావలసిన డబ్బు సభ్య దేశాల చందాల మీద ఆధారపడి ఉంది. చందాలు ఆలస్యమై సభా సమావేశాలే నిలిచిపోయిన సందర్భాలున్నాయి.

ఐరోపా పార్లమెంటు కూడా ఇంతకంటే బలహీనంగానే మొదలయిందని మనం మరువకూడదు. 1952 సెప్టెంబరులో స్ట్రాస్‌బర్గ్‌లో కూర్చున్న ఉమ్మడి సభలో 78 మంది సభ్యులు. ఆరు దేశాల పార్లమెంటులు తమ వారిని పంపాయి. బొగ్గు, ఉక్కు వ్యవహారాలపై చర్చించడమే వారి పని. పంపే పద్ధతిలో ఎవరు మిగిలిపోతారో చూడండి. ఇటలీలో ఓటర్లలో సుమారు నాలుగో వంతు మంది కమ్యూనిస్టు పార్టీకి ఓటు వేసేవారు. అయినా 1969 వరకు ఇటలీ పంపిన బృందంలో కమ్యూనిస్టులకు చోటు దొరకలేదు. మెజారిటీ వారు జాబితా తయారుచేస్తే జాబితాలో మెజారిటీ వారే ఉంటారు. ఇది ఒక మతానికో, ఒక ఖండానికో చెందిన జబ్బు కాదు.

1979 జూన్‌లో తొమ్మిది దేశాల ప్రజలు మొదటిసారి నేరుగా 410 మందిని ఎన్నుకున్నారు. నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం నుండి ప్రాణాలతో బయటపడిన సిమోన్ వీల్ ఆ సభకు అధ్యక్షురాలయ్యారు. ఒక మైనారిటీ సమాజాన్ని తుడిచిపెట్టాలని చూసిన ఖండంలో, ఆ సమాజపు ఆడబిడ్డ సభాపతి పీఠం ఎక్కారు.

ఆ సభకు అప్పటికి ఉన్న ముఖ్యమైన హక్కు అభిప్రాయం చెప్పడం. బడ్జెట్ విషయంలో మాత్రం కొంత అధికారం ఉండేది. ఆ చిన్న హక్కును వారు ఎలా వాడుకున్నారో ఒక ఉదాహరణ చెబుతాం. పిండిపదార్థం నుండి తీసే ఐసోగ్లూకోజ్ అనే తీపి పదార్థం ఉత్పత్తికి కోటాలు పెడుతూ మంత్రుల మండలి ఒక నిబంధన చేసింది. పార్లమెంటు అభిప్రాయం అడిగింది గాని, అది అందకముందే నిబంధన జారీ చేసింది. వ్యవహారం కోర్టుకు ఎక్కింది. పార్లమెంటు కూడా ఆ కేసులో చేరింది. అభిప్రాయం కోరడం అంటే నిజంగా దాని కోసం వేచి ఉండడమేనని ఐరోపా న్యాయస్థానం 1980 అక్టోబరు 29న తీర్పు చెప్పి, ఆ నిబంధనను కొట్టివేసింది. వినడానికి చిన్న విషయం. "అభిప్రాయము కోరడమైనది" అని వ్రాసి, జవాబు రాకముందే ఫైలు కదిపిన చేతులు మావి. అందుకే ఆ తీర్పు బరువు మాకు తెలుసు.

అలా ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ, 2009 డిసెంబరులో లిస్బన్ ఒప్పందం అమలులోకి వచ్చేసరికి, వాణిజ్య ఒప్పందాలకు పార్లమెంటు సమ్మతి తప్పనిసరి అయింది. ఆ అధికారం ఉత్తిది కాదని 2012 జూలై 4న ఋజువయింది. నకిలీ వస్తువుల నిరోధం పేరుతో పెద్ద దేశాలు కుదుర్చుకున్న ఒక వాణిజ్య ఒప్పందాన్ని ఐరోపా పార్లమెంటు 478 – 39 ఓట్ల తేడాతో తిరస్కరించింది. 165 మంది తటస్థంగా ఉన్నారు. దానికి ముందు అనేక నగరాల్లో యువత వీధుల్లోకి వచ్చింది. అందులో మనకూ సంబంధమున్న అంశం ఒకటి ఉంది. హైదరాబాదు కంపెనీ ఒకటి బ్రెజిల్‌కు పంపిన రక్తపోటు మందును 2008 చివరలో, పేటెంటు వివాదం పేరిట, నెదర్లాండ్స్‌లో దారిలోనే ఆపివేశారు. ఆ మందుకు బ్రెజిల్‌లో గాని, మన దేశంలో గాని ఆ అడ్డంకి లేదు. కొత్త ఒప్పందంతో చవక మందులకు ఇలాంటి చిక్కులు పెరుగుతాయని విమర్శకులు భయపడ్డారు. ఈ గదిలో ఉదయాన్నే రక్తపోటు మాత్ర వేసుకుని వచ్చిన వారు తక్కువేమీ కాదు. ఎక్కడో ఉన్న పార్లమెంటు మనకెందుకు అనే ప్రశ్నకు ఇది ఒక జవాబు.

ఇప్పుడు ఈ రెండు కూటములు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఏం జరిగిందో చూద్దాం. ఐరోపా యూనియన్, తూర్పు ఆఫ్రికా కూటమి మధ్య ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంపై చర్చలు ఏళ్ళ తరబడి సాగి 2014 అక్టోబరులో ముగిశాయి. ఆఫ్రికా వస్తువులు సుంకం లేకుండా ఐరోపాలో ప్రవేశిస్తాయి. బదులుగా ఆఫ్రికా దేశాలు ఐరోపా నుండి వచ్చే దిగుమతుల్లో ఐదింట నాలుగు వంతులకు పైగా క్రమంగా సుంకం ఎత్తివేయాలి.

ఇక్కడే కూటమి అవసరాలు చీలిపోయాయి. ఐక్యరాజ్య సమితి లెక్కలో టాంజానియా, ఉగాండా, రువాండా, బురుండి అతి వెనుకబడిన దేశాలు. కాబట్టి ఒప్పందం లేకున్నా వాటికి ఐరోపా విపణి తెరిచే ఉంటుంది. కెన్యా ఆ జాబితాలో లేదు. 2014 అక్టోబరు 1 నుండి కెన్యా పూల మీద ఐరోపా సుంకం పడింది. ఆ ఏడాది చివరి వరకు అది సాగింది. నైవాషా సరస్సు ఒడ్డున పూల తోటల్లో పనిచేసే వారిలో ఎక్కువమంది స్త్రీలు. వారి కూలి ఆ సుంకం మీద ఆధారపడి ఉంది. మరొకవైపు టాంజానియా భయం కూడా న్యాయమైనదే. ఐరోపా సరుకు సుంకం లేకుండా వచ్చిపడితే తమ దేశంలో పరిశ్రమ అనేది పుట్టదని వారి వాదన. 1999 ఒప్పందంపై సంతకం చేసిన మాజీ అధ్యక్షుడు బెంజమిన్ ఎంకాపా కూడా ఆ వాదననే గట్టిగా వినిపించారు. 2016లో కెన్యా, రువాండా సంతకం చేశాయి. టాంజానియా పార్లమెంటు వ్యతిరేకించింది.

చివరకు 2021లో అధినేతల సమావేశం, ఇష్టమైన వారు ముందుకు సాగవచ్చునని అనుమతించింది. కెన్యా ఒంటరిగా 2023 డిసెంబరులో ఐరోపా యూనియన్‌తో సంతకం చేసింది. 2024 జూలై 1న అది అమలులోకి వచ్చింది. ఒకే సుంకాల గోడ ఉండవలసిన కూటమిలో ఒక దేశానికి మాత్రమే వేరే ద్వారం ఏర్పడింది.

ఇందులో గమనించవలసినది ఇది. ఆ ఒప్పందం ఐరోపా పార్లమెంటు సమ్మతి లేకుండా అమలులోకి రాలేదు. బ్రస్సెల్స్ ప్రతినిధి చర్చల బల్ల వద్ద, "మా పార్లమెంటు దీనికి ఒప్పుకోదు" అని చెప్పగలడు. ఆరూషా ప్రతినిధికి ఆ మాట చెప్పే వీలు లేదు. అక్కడి శాసనసభ చర్చించవచ్చు, తీర్మానం చేయవచ్చు. ఒప్పందాన్ని ఆపే ఓటు మాత్రం దానికి లేదు. పూల తోటలోని స్త్రీని, టాంజానియా కార్మికుణ్ణి ఒకే సభలో కూర్చోబెట్టి, ఇద్దరి నష్టాన్నీ తూచి, ఉమ్మడి నిర్ణయం చేసే చోటు లేకపోయింది. దానితో ఎవరి దారి వారు చూసుకున్నారు. ప్రజల సభ బలహీనంగా ఉంటే కూటమి కూడా బేరంలో బలహీనపడుతుంది.

మన దక్షిణాసియాకు ఈ మాత్రం సభ కూడా లేదు. 1985 డిసెంబరులో ఢాకాలో సార్క్ పుట్టింది. దేశాధినేతల శిఖరాగ్ర సభ చివరిసారిగా 2014లో ఖాట్మండూలో జరిగింది. ఇద్దరు పెద్దలు మాట్లాడుకోకపోతే అంతా ఆగిపోయే ఏర్పాటు అది, నైరేరే–అమీన్ కాలపు కూటమి వలె. హైదరాబాదులో అక్క, కరాచీలో చెల్లెలు ఉన్న కుటుంబాలు మనకు తెలుసు. జనాజాకు కూడా వీసా అందని బాధను వినిపించడానికి ఆ కూటమిలో ఒక ప్రజాప్రతినిధి లేడు.

ఇక ఇక్కడ కొందరు అడగవచ్చు: "ఎన్నిక ద్వారా మనకు ఎలాగూ స్థానం రాదు. ఎవరో ఒకరు నామినేట్ చేస్తేనైనా ఒక కుర్చీ దక్కుతుంది. అదీ వద్దంటారా?" వద్దనడం లేదు. ఐరోపా సభ కూడా పంపబడిన వారితోనే మొదలయింది. ఉన్న కుర్చీని వదులుకోవడం తెలివి కాదు. కాని ఆ కుర్చీలో కూర్చున్న వారు, తమను ఎవరు పంపారో ఆ ఒక్కరికే కాక, ఎవరి పేరున పంపారో వారందరికీ జవాబు చెప్పాలి. అభిప్రాయం అడిగే హక్కు మాత్రమే ఉంటే, ఆ హక్కునైనా పూర్తిగా వాడాలి. వ్రాతలో అభ్యంతరం నమోదు చేయాలి. జవాబు వచ్చేదాకా వేచి ఉండమని పట్టుబట్టాలి. ఐసోగ్లూకోజ్ కేసు చెప్పింది ఇదే.

అన్నిటికీ ముందు, ఇతరులను అడిగే ప్రశ్న మనల్ని మనం అడుక్కోవాలి. మష్వరా మన ధర్మంలో భాగమని వేదికలెక్కి చెబుతాం. మన కమిటీల్లో మష్వరా ఎంత ఉంది? మన పేట కమిటీ గడువు వచ్చే నెలాఖరుకు ముగుస్తుంది. మేము మూడు ప్రతిపాదనలను ఈ సమావేశం ముందు పెడుతున్నాం. మొదటిది, సర్వసభ్య సమావేశం తేదీని పదిహేను రోజుల ముందు ఇంటింటికీ తెలియజేయాలి, అద్దె ఇళ్ళతో సహా. రెండవది, పేర్లు చదివి ఊరుకోకుండా చీటీల ద్వారా ఓటు వేయించాలి. ఆడవారికి తగిన సమయం, తగిన చోటు ఏర్పాటు చేయాలి. మూడవది, కమిటీ ఎవరికైనా సహాయం నిరాకరిస్తే, కారణం వ్రాసి ఇవ్వాలి. దానిపై తిరిగి అడిగే అవకాశం ఉండాలి.

వీటి వలన కొందరు పెద్దలకు కష్టం కలగవచ్చు. వారి సేవను మేము తక్కువ చేయడం లేదు. వారిలో మేమూ ఉన్నాం. మా పేరు కూడా ఈసారి చీటీ మీదనే ఉండాలి. ఓట్లు రాకపోతే ఇంటికి వెళతాం.

ప్రశ్న అడిగిన యువకుడికి ఒక పని అప్పగిస్తున్నాం. వచ్చే ఎన్నికకు ఓటర్ల జాబితా అతనే తయారు చేయాలి. ఆ వితంతువు ఇప్పటికీ వెనుక సందులోనే ఉంటోంది. పిల్లలు పెద్దవారయ్యారు. జాబితా మొదలుపెట్టేటప్పుడు ముందుగా ఆమె ఇంటికే వెళ్ళమని కోరుతున్నాం. మేము కూడా వెంట వస్తాం. ఆనాడు ఆమెకు ఇవ్వని జవాబు ఒకటి మా వద్ద బాకీ ఉంది.